పన్నెండు పౌన్ల ధర్మసూక్ష్మం

ఈ పత్రికలో త్యాగరాజ ఉత్సవాల గురించీ, పిల్లల తెలుగు చదువుల గురించీ చదవటానికి అలవాటుపడ్డ పాఠకులు రివాల్వరు అనే మాట చూడగానే నొసలు చిట్లిస్తారని తెలుసు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మనలో కొందరి ఇళ్ళలో ఆ వస్తువు ఉంది. ఉన్నదని బాహాటంగా ఎవరూ చెప్పుకోరు. పిక్నిక్కుల్లోనూ, పెళ్ళిళ్ళలోనూ మగవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని ఒక పక్కకి చేరినప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. ఆడవాళ్ళు దగ్గరికి రాగానే సంభాషణ క్రికెట్ మీదకి మళ్ళుతుంది. గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాన్ని ఒకసారి మామూలు గొంతుతో మాట్లాడుకుంటే తప్పేమిటని నా ఉద్దేశం.

తుపాకి కొనవచ్చునా, కూడదా అనే వాదం ఈ దేశంలో ఎడతెగనిది. రెండు పక్షాల వాదనలూ వార్తల్లోనూ, కార్ల వెనక అంటించుకునే కాగితాల మీదా రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ వాదంలోకి నేను దిగను. దిగినా కొత్తగా చెప్పేది లేదు. నా ప్రశ్న అంతకంటె చిన్నది. ఆ పెద్ద ప్రశ్నకి ఏదో ఒక జవాబు చెప్పేసుకుని, రివాల్వరు కొని ఇంటికి తెచ్చుకున్నవాడికి మర్నాడు ఎదురయ్యే ప్రశ్న అది. కంపెనీవాడు ఇచ్చిన ట్రిగ్గరు చాలా బరువుగా ఉంది. దాన్ని తేలిక చేయించుకోవచ్చునా? చేయించుకుంటే ఎంతవరకు? పైకి చూస్తే ఇది మెకానిక్కుని అడగవలసిన సంగతి. కాస్త నిలిచి ఆలోచిస్తే మాత్రం, ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేని పనిని మనిషికి ఎంత సుళువు చెయ్యవచ్చు అనే సంగతి.

ముందు యంత్రం గురించి చెప్పాలి. మనలో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి విసుక్కోరని ధైర్యం. పెద్ద ఫ్రేము రివాల్వర్లలో బాగా పేరున్నది స్మిత్ అండ్ వెసన్ కంపెనీవారి ఎన్-ఫ్రేము. 1908లో .44 తూటాకోసం వచ్చింది. 1935లో .357 మేగ్నమ్, 1956లో .44 మేగ్నమ్ దానిమీదనే కట్టారు. 1971లో వచ్చిన ‘డర్టీ హారీ’ సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో కనబడే భారీ ఆయుధం ఈ జాతిదే. అంతకుముందు వేటగాళ్ళకే తెలిసిన ఆ వస్తువు సినిమా పుణ్యమా అని ఊరందరికీ తెలిసింది.

డబుల్ యాక్షన్ అంటే ట్రిగ్గరు ఒక్కటే రెండు పనులు చెయ్యటం. వేలితో లాగుతూంటే వెనక ఉన్న హేమరు పైకి లేస్తుంది. తెలుగులో దానికి ‘తుపాకి గుర్రం’ అని చక్కని పేరు ఉంది కాబట్టి ఇకమీదట గుర్రం అనే అంటాను. అదే లాగుడుకి సిలిండరు ఒక గది మేరకు తిరిగి, తరవాతి తూటా గొట్టానికి ఎదురుగా వచ్చి బిగుస్తుంది. చిట్టచివరికి గుర్రం పట్టు తప్పి ముందుకి దూకుతుంది. ఇన్ని పనులకీ శక్తి మన చూపుడువేలే ఇవ్వాలి. అందుకని కంపెనీనుంచి వచ్చినప్పుడు ఆ లాగుడు సుమారు 12 పౌన్లు ఉంటుంది. ఎంతో తెలియాలంటే ఇండియన్ స్టోర్లో దొరికే పది పౌన్ల బియ్యం సంచిని ఒక్క వేలికి తగిలించుకుని ఎత్తి చూడండి. ఇంకో దారి కూడా ఉంది. గుర్రాన్ని ముందే బొటనవేలితో వెనక్కి లాగి నిలబెట్టవచ్చు. దాన్ని సింగిల్ యాక్షన్ అంటారు. అప్పుడు ట్రిగ్గరుకి మిగిలిన పని గుర్రాన్ని విడిపించటమే కాబట్టి మూడు నాలుగు పౌన్లు చాలు. వేలు కదిలిందో లేదో కూడా తెలియదు.

మా వీధిలో ఒక అమెరికన్ పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా టూల్‌రూములో పనిచేసి రిటైరయ్యాక, లైసెన్సు తీసుకుని ఇంటి కింద బేస్‌మెంటులో రివాల్వర్లు బాగుచేస్తాడు. నాది మెషిన్ డిజైనులో ఉద్యోగం కావటంచేత ఆయన పని చూస్తూ కూర్చోవటం నాకు ఇష్టం. తుపాకి చేతికి రాగానే సిలిండరు తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూస్తాడు. తరవాత వేలితో తడుముతాడు. ఫోను వచ్చి లేచి వెళ్ళి తిరిగి వస్తే మళ్ళీ చూస్తాడు. గదిలో ఇంకెవరూ లేకపోయినా సరే. సంధ్యావందనంలో ఆచమనం లాగా పని పొడుగునా అది ఉంటూనే ఉంటుంది.

ఫ్రేముకి కుడిపక్క ఒక పలక ఉంటుంది. దాని మరలు విప్పటానికి గాడికి అచ్చంగా సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. మరలు వచ్చాక పలకని మొనతో పెళ్ళగించకూడదు. పిడి దగ్గర కర్రతో మెల్లిగా తట్టితే ఆ అదురుకి అదే లేస్తుంది. పెళ్ళగించిన పలక మళ్ళీ అతుకు కనబడకుండా ఎన్నడూ కూర్చోదు. లోపల చూస్తే పాతకాలపు చేతిగడియారం మూత తీసినట్టుంటుంది. వేలు వదలగానే ట్రిగ్గరుని ముందుకి తోసే ఉక్కుదిమ్మ ఒకటి అందులో ఉంది, రీబౌండ్ స్లైడు అంటారు. దాని అడుగునా, పక్కనా ఫ్యాక్టరీలో కోతమిషను వదిలిన గీతలు ఉంటాయి. ట్రిగ్గరు లాగినప్పుడు ఇసకమీద తలుపు జరిగినట్టుండేది చాలామటుకు ఆ గీతలవల్లే. పెద్దాయన నూనె వేసిన ఆర్కన్సా సానరాయి మీద ఆ దిమ్మని ఒక గంటసేపు రుద్దుతాడు. కొలతలో తేడా రానివ్వడు, గరుకు మాత్రమే పోనిస్తాడు. గుర్రమూ ట్రిగ్గరూ ఒకదాన్నొకటి పట్టుకునే గాటు జోలికి మాత్రం పోడు. ఆ ముక్కలకి పైపొరే గట్టి ఉక్కు. ఆ పొర మందం అంగుళంలో కొన్ని వెయ్యోవంతులు. సానరాయి దాన్ని దాటిపోతే కింద మెత్తని లోహం బయటపడుతుంది. అది కొన్నాళ్ళకి అరిగి, నిలబెట్టిన గుర్రాన్ని బొటనవేలితో తోస్తే చాలు పడిపోయే స్థితి వస్తుంది.

తేలిక చెయ్యటానికి దీనికంటె దగ్గరి దారి ఉంది. పిడి ముందువైపు చిన్న మర ఒకటి గుర్రాన్ని కొట్టించే బద్ద స్ప్రింగుని బిగించి ఉంచుతుంది. దాన్ని ఒక చుట్టు వదులు చేస్తే ట్రిగ్గరు వెంటనే తేలికవుతుంది. ఖర్చు లేదు, అర నిమిషం పని. అందుకనే చాలామంది చేసేది అదే. పెద్దాయనకి ఆ మర వదులు చేసేవాళ్ళ మీద ఉన్నంత కోపం ఇంకెవరిమీదా లేదు. వదులు చేసిన మర ఒక్కో దెబ్బకీ ఇంకాస్త వదులవుతుంది. గుర్రం దెబ్బలో బలం తగ్గి తూటా వెనక ప్రైమరు అంటుకోదు. అంటే, దిక్కులేని రాత్రి కాపాడుతుందని కొనుక్కున్న వస్తువు ఆ రాత్రే టిక్కుమని ఊరుకుంటుంది. ఆయన చేతినుంచి వచ్చిన రివాల్వరు కొలిస్తే 9 పౌన్లు తూగుతుంది. పట్టుకున్నవాళ్ళు మాత్రం ఆరో ఏడో అంటారు. వేలుకి బాధ బరువువల్ల కంటె గరుకువల్ల ఎక్కువ. నునుపు వేరు, తేలిక వేరు అని ఆయన నాకు ఒక్కసారి కూడా అనలేదు గాని, ఆయన పని పది రోజులు చూస్తే తెలిసేది ఇదే.

నా ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. మన దారికి అడ్డువచ్చేవాటిలో కొన్ని, తయారుచేసినవాడి అశ్రద్ధవల్ల మిగిలిపోయిన గీతలు. వాటిని తీసెయ్యటంలో ఏ దోషమూ లేదు. కొన్ని మాత్రం కావాలని పెట్టినవి. వాటిని తీసేముందు ఎవరికోసం పెట్టారో అడగాలి. పూర్వం మనం ఇంటికి ఏరోగ్రాములు రాసేవాళ్ళం. అన్నదమ్ముల మీద కోపంతో రాసిన ఉత్తరాన్ని పోస్టు డబ్బా దాకా నడిచేలోపు చింపెయ్యటానికి వీలుండేది. ఇప్పుడు బొటనవేలు తాకితే చాలు, హైదరాబాదులో తెల్లవారేసరికి చదివేసుకుంటారు. ఆ నడక కేవలం శ్రమేనా, మరింకేమన్నానా? సరే, అది వేరే వ్యాసం.

మిగతా సగం జవాబుకి భారతం దగ్గరకి పోవాలి. సౌప్తికపర్వంలో అశ్వత్థామా అర్జునుడూ బ్రహ్మశిరోనామకాస్త్రం ప్రయోగిస్తారు. వ్యాసుడూ నారదుడూ రెండింటికీ మధ్య నిలబడి ఉపసంహరించమంటారు. అర్జునుడు వెనక్కి తీసుకుంటాడు. అశ్వత్థామకి చేతకాదు. వెయ్యటం తెలుసు, తిప్పుకోవటం తెలియదు. చివరికి ఆ అస్త్రం ఉత్తర గర్భంలో ఉన్న పసికందు మీదకి పోతుంది. ద్రోణుడు కొడుకుకి ఆ విద్య మనస్ఫూర్తిగా ఇవ్వలేదని కూడా కథలో ఉంది. పోరగా పోరగా ఇచ్చాడు. చిన్నప్పుడు విన్నప్పుడు అశ్వత్థామకి తెలియనిది ఒక మంత్రం అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఆ ఘట్టం ఆయుధాన్నీ ఆయుధధారినీ కొలిచే కొలబద్దలాగా కనబడుతుంది. ఎంత దూరం పోతుంది, ఎంత గట్టిగా తగులుతుంది అన్నవి రెండో ప్రశ్నలు. ఏ క్షణందాకా వెనక్కి తీసుకోవచ్చు అన్నది మొదటి ప్రశ్న.

డబుల్ యాక్షన్ రివాల్వరుకి ఈ లెక్కలో ఒక విశేషం ఉంది. ట్రిగ్గరు కదలటం మొదలైనప్పటినుంచి గుర్రం జారే క్షణందాకా ముప్పాతిక అంగుళం ఉందో లేదో గాని, ఆ దూరం పొడుగునా మనిషికి మనసు మార్చుకునే హక్కు ఉంది. సగంలో ఆగి వేలు సడలిస్తే గుర్రం బుద్ధిగా తన చోటికి తిరిగి వస్తుంది. ఎదుటివాడు చేతులెత్తాడు, చీకట్లో ఉన్నది దొంగ కాదు కొడుకు అని తెలిసింది, లేదా మనకే ఇది వద్దనిపించింది. వేలు ఆగితే చాలు. పన్నెండు పౌన్ల బరువూ ఆ పొడుగైన లాగుడూ కలిసి ఉపసంహారానికి చోటు ఇస్తున్నాయి. గుర్రాన్ని ముందే నిలబెట్టినవాడు ఆ చోటు ముందుగానే ఖర్చు పెట్టేసుకున్నాడు. అతనికి మిగిలింది వెంట్రుకవాసి. పైగా, కాల్చకుండా ఆ గుర్రాన్ని కిందికి దింపటం వణుకుతున్న చేతులకి కాల్చటంకంటె కష్టం.

పోలీసులకి ఇది అనుభవంలో తెలిసింది. లాస్ ఏంజిలస్ పోలీసుశాఖవారు తమ రివాల్వర్లలో గుర్రాన్ని నిలబెట్టే ఏర్పాటునే తీయించేశారు. న్యూయార్కువారు 1980లలో డబుల్ యాక్షన్ ఒక్కటే పనిచేసేవి కొనటం మొదలుపెట్టారు. ఇదీ మార్పు చేయించటమే. ట్రిగ్గరు తేలిక చెయ్యటానికి బదులు, తేలికగా ఉన్న దారిని మూసెయ్యటం. గుర్రం తోక కోయించటం కూడా ఇలాంటిదే. ఆ తోకే లేకపోతే బొటనవేలికి పట్టు దొరకదు. జేబుకి తగులుకోదు కూడా.

ఇంతవరకు చదివి, బరువు ఎక్కువైనకొద్దీ ధర్మం ఎక్కువ అనుకుంటే పొరపాటు. న్యూయార్కు పోలీసులు 1993లో రివాల్వర్లనుంచి పిస్తోళ్ళకి మారటం మొదలుపెట్టినప్పుడు, పాత అలవాటు పోకుండా వాటికి కూడా 12 పౌన్ల ట్రిగ్గరే పెట్టించారు. 2012 ఆగస్టు 24న ఎంపైర్ స్టేట్ బిల్డింగు ఎదట ఒకడు తన పాత సహోద్యోగిని కాల్చి చంపి పోతూంటే ఇద్దరు పోలీసులు ఎదురుపడి కాల్చారు. దారిన పోయేవాళ్ళు 9 మంది గాయపడ్డారు. ఆ గాయాలన్నీ పోలీసుల తూటాలవల్లా, వాటి తునకలవల్లా అయినవే. బరువైన ట్రిగ్గరు లాగేటప్పుడు చెయ్యి అదిరి గురి తప్పుతుందని అప్పుడు చాలామంది విమర్శించారు. 2021లో కొత్తగా చేరేవాళ్ళకి తేలికపాటి ట్రిగ్గరు ఇవ్వటానికి ఆ శాఖ సిద్ధపడింది. వేలుని ఆపటానికి పెట్టిన బరువే దారినపోయేవాడి కాలిలోకి తూటాని పంపవచ్చన్నమాట. అర్జునుడికి ఉపసంహారం ఒక్కటే తెలిసి గురి తెలియకపోతే భారతం ఇంకో రకంగా ఉండేది.

ఒంటరిగా ఉండే ఒక డాక్టరమ్మ సంగతి కూడా చెప్పాలి. మన తెలుగు ఆవిడే. రాత్రి డ్యూటీలు, పక్క ఇల్లు అరమైలు దూరం. ఒకసారి ఎవరో కిటికీ పగలగొట్టిన తరవాత భర్త మిగిల్చిపోయిన పెద్ద రివాల్వరు బయటికి తీసింది. కీళ్ళనొప్పులవల్ల ఆవిడ వేలికి ఆ ట్రిగ్గరు సగంకంటె రాదు. “అన్నయ్యగారూ, మీ పెద్దాయన దీన్ని నాలుగు పౌన్లకి దింపుతాడేమో కనుక్కోండి” అంది. నలుగురి ప్రాణాలు కాపాడే చేతులు, ఆత్మరక్షణకి ఆ మాత్రం తేలిక అడిగితే అధర్మమని ఎవరనగలరు? పెద్దాయన అధర్మమనలేదు, సాధ్యం కాదన్నాడు. నాలుగుకి దింపితే ప్రైమరు పేలదు. లోపల నునుపు చేసి, పిడికి ఆవిడ అరచేతికి సరిపోయే సన్నని చెక్కలు బిగించాడు. వేలు ట్రిగ్గరుకి ఇంకాస్త బాగా అందింది. అయినా చాలలేదు. అప్పుడు, అమ్మా, ఈ యంత్రం మీది కాదు, దీన్ని అమ్మేసి కిటికీలకి మంచి గడియలూ, ఒక కుక్కనీ కొనుక్కోండి అన్నాడట. కుక్కని కొంది. రివాల్వరు అమ్మిందో లేదో నేను అడగలేదు.

ఇప్పుడు, ఏమాత్రం సందేహం లేకుండా తప్పని నేను అనేది ఒకటి ఉంది. ఈ రివాల్వర్ల లోపల సన్నని ఉక్కుపుల్ల ఒకటి ఉంటుంది. ట్రిగ్గరు లాగనంతవరకు అది గుర్రానికీ ఫ్రేముకీ మధ్య అడ్డుగా నిలబడుతుంది. తుపాకి కిందపడి గుర్రం మీద దెబ్బ తగిలినా తూటా పేలకుండా అడ్డుపడటం దాని పని. 1944 చివర్లో ఒక అమెరికన్ యుద్ధనౌక డెక్కు మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వరు కిందపడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. ఆ కంపెనీ ఇంజనీర్లు కొద్దివారాల్లో ఈ కొత్త అడ్డుపుల్లని రూపొందించారు. అప్పటినుంచి చిన్నాపెద్దా అన్ని ఫ్రేముల్లోనూ అది ఉంది. పోటీల్లో పాల్గొనేవాళ్ళు కొందరు దీన్ని తీసి డ్రాయరులో పడేస్తారు. ట్రిగ్గరు లాగినప్పుడల్లా అది కూడా జరగాలి కాబట్టి, తీసేస్తే లాగుడు రవ్వంత నునుపవుతుంది. అడిగితే, రీబౌండ్ స్లైడు ఎలాగూ గుర్రాన్ని వెనక పట్టుకునే ఉంటుంది, ఈ పుల్ల రెండో కాపలా, అనవసరం అంటారు. 1944లో ఆ నౌక మీద కూడా స్లైడు ఉంది. పాతరకం అడ్డు కూడా ఒకటి ఉంది. రెండూ ఉండగానే ఆ పిల్లవాడు పోయాడు.

తేలిక చేసుకున్న ట్రిగ్గరువల్ల వచ్చే ప్రమాదం చాలామటుకు యజమాని చేతిలో ఉంది. వేలు అక్కడ పెట్టకుండా ఉండవచ్చు. అడ్డుపుల్ల కాపాడేది మాత్రం యజమానిని కాదు, అతని చెయ్యి జారిన రోజున గదిలో ఉన్న ఇంకెవరినో. తన వేలికి రవ్వంత సుఖంకోసం ఇంకొకరి కాపలాని, వాళ్ళకి చెప్పకుండా తీసెయ్యటం అది. మన ఊళ్ళో మోటబావికి గట్టు లేకుండా తవ్వించినవాణ్ణి ఏమనేవాళ్ళమో వీళ్ళని కూడా అదే అనాలి. నూతిలో నీళ్ళు అతనివే కావచ్చు. పడేది ఎవరి పిల్లో.

ఇంత చెప్పినా, ఈ యంత్రాలమీద ప్రేమ పెంచుకోవటమే పాపమని నేను అనను. 1935లో .357 మేగ్నమ్ వచ్చినప్పుడు కొన్నాళ్ళు దాన్ని కొనేవాడి కోరిక ప్రకారమే తయారుచేశారు. గొట్టం మూడున్నర అంగుళాలనుంచి ఎనిమిది ముప్పాతికదాకా, పావు అంగుళం తేడాతో ఏ పొడుగు కావాలంటే ఆ పొడుగు. సైట్లు కొనేవాడు ఎంచుకున్నవి. వెంట ఒక రిజిస్ట్రేషను పత్రం. ధర 60 డాలర్లు. దేశం ఆర్థికమాంద్యంలో ఉన్న రోజులవి. అంత పెట్టి కొన్నవాళ్ళు బోలెడుమంది. ఎడ్ మెక్‌గివర్న్ అనే ఆయన 1932లో డబుల్ యాక్షన్ రివాల్వరుతో అరసెకనుకంటె తక్కువలో 5 తూటాలు కాల్చాడు. జెర్రీ మిక్యులెక్ 1999లో పెద్ద ఫ్రేము రివాల్వరుతో ఆరు కాల్చి, మళ్ళీ నింపి, ఇంకో ఆరు కాల్చాడు. మొత్తం 2.99 సెకన్లు. ఇద్దరూ గుర్రాన్ని నిలబెట్టుకోలేదు. పొడుగు లాగుడుతోనే సాధించారు. వీణ తంత్రుల బిగువు తగ్గించి సుళువుగా వాయిస్తానంటే ఎవరైనా మెచ్చుకుంటారా? ఆ బిగువులోనే గమకం పలకాలి.

అయితే ప్రేమకి ఒక హద్దు ఉండాలని కథలే చెప్తున్నాయి. ఒక దసరాకి గుళ్ళో ఒక కుర్రవాడు, రివాల్వరుకి ఆయుధపూజ చేయించవచ్చునా అని పూజారిగారిని అడిగాడు. “బాబూ, కారు తెచ్చుకో, స్టెతస్కోపు తెచ్చుకో, పూజ చేస్తాను. దాన్ని మాత్రం ఇంట్లోనే ఉంచి, ఈ అక్షతలు పట్టుకెళ్ళు” అన్నారాయన. నవ్వుకున్నాం గాని, ఆయన కాదనలేదు, ఔననలేదు. గుడికి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించారు. కర్ణపర్వంలో ఇంకో సంగతి ఉంది. గాండీవాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యి అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక రహస్య ప్రతిజ్ఞ. యుద్ధం మధ్యలో ధర్మరాజే విసిగిపోయి ఆ మాట అంటాడు. అర్జునుడు అన్నగారి మీద కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడకపోతే అన్నని చంపేవాడే. పరస్త్రీ కోసమా, రాజ్యం కోసమా? వింటిమీద మమకారం కోసం. తుపాకి కొన్నవాణ్ణి, ఇది ఇంట్లో ఎందుకండీ అని భార్య అడిగినప్పుడు అతని మొహంలో వచ్చే మార్పు చూస్తే నాకు ఆ ఘట్టం గుర్తొస్తుంది. వాదన ఎంత సహేతుకమైనా కానివ్వండి, ఆ అడిగినందుకు వచ్చే కోపం ఏ స్ప్రింగు బరువుకంటె ప్రమాదం.

ఇక ఇంటి సంగతి. 2021లో ఈ దేశంలో తుపాకులవల్ల 48,830 మంది చనిపోయారు. అందులో 26,328 మంది తమని తామే కాల్చుకున్నవాళ్ళు. సగంకంటె ఎక్కువ. దొంగలకోసం కొన్న వస్తువు ఎవరిమీద తిరుగుతోందో ఆ అంకెలు చెప్తున్నాయి. కొడుకు పరీక్ష పోయిన రాత్రి, భర్తకి ఉద్యోగం ఊడిన వారం, ఆ చీకటి చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపు గడిచేలోపు చేతికి అందకపోవటమే ఉపసంహారం. అక్కడ ట్రిగ్గరు 12 పౌన్లున్నా 8 పౌన్లున్నా ఒకటే. అక్కడ కావలసిన బరువు ఇనప్పెట్టె తలుపుది. తూటాలు ఇంకో గదిలో, ఇంకో తాళంలో. మాట మాట్లాడని పిల్లవాడు ఇంట్లో ఉంటే ఆ పెట్టె కొన్నాళ్ళపాటు స్నేహితుడి ఇంటికి పంపటానికి సిగ్గుపడవద్దు. ఆ రోజు అతన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగటానికి కూడా సిగ్గుపడవద్దు.

పాండవులు అజ్ఞాతవాసానికి పోయేముందు ఆయుధాలన్నీ శ్మశానం పక్క జమ్మిచెట్టు మీద, చూసినవాళ్ళకి శవంలా కనబడేట్టు కట్టి పెట్టారు. ఏడాది తరవాత కౌరవులు ఆవులమందల్ని తోలుకుపోతూంటే, అర్జునుడు ఉత్తరుణ్ణి ఆ చెట్టెక్కించాడు. ఉత్తరుడు శవమని జంకితే నచ్చచెప్పి ఎక్కించవలసి వచ్చింది. ఎక్కాలి, మూట దింపాలి, కట్లు విప్పాలి, ఏ విల్లు ఎవరిదో చెప్పాలి. అంత ఆపదలోనూ అందుకు వ్యవధి దొరికింది. తలకింద పెట్టుకోకపోతే అవసరానికి అందదనేవాళ్ళు ఆ ఘట్టం ఒకసారి చదువుకోవాలి.

శుభ్రం చెయ్యటం గురించి ఒక్క మాట. కాల్చి వచ్చిన రివాల్వరు మీద సీసం మసి ఉంటుంది. వంటింటి బల్లమీద తుడవకూడదు. పిల్లల్ని ఎత్తుకునేముందు చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. తూటా గుల్లల్ని బయటికి తోసే నక్షత్రం కింద కాలని మందుగుండు రవ్వలు చేరితే సిలిండరు బిగుసుకుపోతుంది. దాని కడ్డీ మర వదులైనా అంతే. నూనె చుక్క చాలు, ముంచెత్తితే దుమ్ము పట్టి జిగురవుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. పుస్తకాల్లో లేనిది, తరవాత ఎవరు అన్నది. ఈ ఇనుము మనకంటె ఎక్కువకాలం బతుకుతుంది. 1908 నాటివి ఇప్పటికీ పనిచేస్తున్నాయి. మనం పోయాక భార్యో, అల్లుడో, వేలంపాటలో కొన్న ముక్కూమొహం తెలియనివాడో దాన్ని తీస్తాడు. లోపల మనం ఏం తీసేశామో, ఏ స్ప్రింగు మార్చామో పైనుంచి చూస్తే తెలియదు. మా వాళ్ళలో చాలామంది ఇల్లాళ్ళకి సిలిండరు తెరిచి ఖాళీయో కాదో చూడటం కూడా రాదు. భర్త నేర్పలేదు, ఆవిడ అడగలేదు.

మా పెద్దాయనకి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. కొత్త పని ఒప్పుకోవటం మానేశాడు. ఇదివరకు ఆయన చేసిన ప్రతి రివాల్వరులోనూ పిడిచెక్క కింద ఒక చిన్న అట్టముక్క ఉంటుంది. తేదీ, ఏ స్ప్రింగు మార్చాడో, తక్కెడకి వేలాడదీసి చూసిన బరువు, ఏ కంపెనీ తూటాలతో పరీక్షించాడో పెన్సిలుతో రాసి ఉంటుంది. చివరి పంక్తిలో ఎప్పుడూ ఒకటే మాట, అడ్డుపుల్ల చోటులోనే ఉంది అని. చెక్క విప్పినవాడికి తప్ప అది కనబడదు గదా అని నేను అడిగితే, చెక్క విప్పేవాడికోసమే రాశాను అన్నాడు.